పొయ్యి మీద ఎండబెట్టిన బొమ్మ

మా అప్ప మనవరాలు ఎస్తేరు మొన్న వచ్చి సర్కారు బంగళాలో వంటకి కుదిరేనని చెప్పింది. "ముప్పై ఏళ్ళు చేసేవు కదా అమ్మమ్మా, ఏటేటి చూసుకోవాలో చెప్పు" అని చాప మీద కూలబడింది. దొరలకి కోడిపులుసు ఎలా పెట్టాలో చెప్తాననుకుంది. కోడిపులుసు ఎవరైనా చెప్తారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. నోటితో చెప్తే నాకు కోపం వచ్చి మధ్యలో లేచిపోతాను. అందుకని రాస్తున్నాను. మిషను బడిలో రెండో క్లాసు చదివిన చదువు నాది. ఒత్తులు తప్పితే దిద్దుకోండి. సంగతి మాత్రం ఎవరూ దిద్దకండి.

ఈ పని అంటే ఏటి

మా బంగళా శృంగవరపుకోట నుంచి అరకు ఎక్కే ఘాట్ రోడ్డు మీద, అనంతగిరి దాటేక ఉండేది. రెండు గదులు, మధ్య హాలు, ముందు వరండా, వెనక విడిగా వంటిల్లు. నా పెనిమిటి కాపలా, నేను వంట. ఆయన మన్నెం జొరంతో పోయేక రెండు పనులూ నావే.

పనంటే వండడం అనుకుంటారు. వండడం పావలా వంతు. మిగతాదంతా ఎండబెట్టడం. జ్యేష్ఠం నుంచి కార్తీకం దాకా ఆ కొండ మీద ఎండన్నది ఉండదు. మంచు గుమ్మంలోంచి వచ్చి ఇంట్లో కూచుంటాది. ఉప్పు నీరయిపోతాది. దుప్పటి దులిపితే బూజు వాసన. అందుకే కొండ మీద ఏ ఇంట్లో చూసినా పొయ్యికి పైన వెదురు అటక ఒకటి వేలాడతా ఉంటాది. విత్తనాలు, మాంసం, తడిసిన బట్టలు, బుట్టలు, పాడవకూడదనుకున్నది ఏదైనా దాని మీదే పెడతారు. పొగ తగిలితే పురుగు పట్టదు, వేడి తగిలితే బూజు పట్టదు. మా వంటింట్లో కూడా అలాంటి అటకే కట్టేడు నా పెనిమిటి.

ఇంకోటి. పనిలో చేరిన రోజున అందరూ నీకు ఒక మాట చెప్తారు: బంగళా మనిషికి కళ్ళుండాలి గాని నోరుండకూడదు అని. నాకూ చెప్పేరు. నేనూ దాన్ని బైబిలు వాక్యంలాగ పట్టుకున్నాను. ఎస్తేరూ, ఆ మాట కనిపెట్టినవాడు ఎవడో, వాడి దగ్గర దాచుకోవాల్సింది ఏదో ఉంది. అంతే.

ఓవర్సీరు మాట మార్చడం

బంగళా తాళాలు, రోడ్డు పనులు, మా జీతాలు అన్నీ ఓవర్సీరు బాబు చేతిలో. పల్లపు ఊరి మనిషి. తెల్లటి తలపాగా, బూట్లు, తిరగడానికి ఓ పొట్టి గుర్రం. అతనికి ఉన్న ఆస్తి ఒక్కటే, ఇంగ్లీషు. ఆ కొండ మీద ఇంగ్లీషు వచ్చిన మనిషి అతనొక్కడే. కొండోళ్ళు దొరకి ఏది చెప్పుకోవాలన్నా అతనికి చెప్పాలి, అతను దొరకి చెప్పాలి.

ఒకసారి బంగళాలో ఓ దొర దిగి ఉండగా కింద గూడెం నుంచి ఓ పదిమంది వచ్చేరు. రోడ్డు కోసం పైన రాయి పగలగొడితే ఆ మట్టి ఊట మీద పడిందని, తాగడానికి నీళ్ళు లేవని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చాలాసేపు చెప్పుకున్నారు. నేను టీ పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అంతా విని అతను దొర వేపు తిరిగి, "సలాం సార్, వెరీ హ్యాపీ" అన్నాడు. దొర సంతోషంగా తలూపేడు. అది చూసి కొండోళ్ళు మా పని అయిపోయిందనుకుని దండాలు పెట్టి వెళ్ళిపోయేరు.

నాకు వంటింటి ఇంగ్లీషు ఓ ఇరవై మాటలు వచ్చును. హాట్ వాటర్ రెడీ, డిన్నర్ రెడీ, ఎస్ సార్, నో సార్. హ్యాపీ అంటే కూడా తెలుసును, దొరలు నా పుడ్డింగు తిని అనేవారు. నేను వంటింట్లోకొచ్చి ఇదంతా నా పెనిమిటికి యాక్షను చేసి చూపించి నవ్వేను. అది కూడా రాసుకో ఎస్తేరూ. మొదటిసారి విన్నప్పుడు నేను నవ్వేను.

బొమ్మల బాబు

నా పెనిమిటి పోయిన మరుసటి ఏడు, ఆశ్వయుజంలో వలిసె పువ్వు పూత కొచ్చేవేళకి, మద్రాసు నుంచి బొమ్మలు వేసే ఆయన దిగేడు. తెలుగాయనే. సన్నటి మనిషి, కళ్ళజోడు. రెండు పెట్టెల నిండా రంగులు. ఆయన వచ్చిన దగ్గర్నుంచి హాలంతా అవిసె నూనె వాసనే. కార్తీకంలో ఒక పెద్దదొర కాంపుకి వస్తాడని, అతనికి బొమ్మలంటే ప్రాణమని, అతన్ని మెప్పించడానికి ఓవర్సీరే ఈయన్ని పిలిపించేడు. ఈయనకి మద్రాసులో బొమ్మల బళ్ళో పంతులు ఉద్యోగం కావాలి. ఆ పెద్దదొర ఒక్క ఉత్తరం రాస్తే వస్తాదట. ఇవన్నీ నా పొయ్యి పక్కన పీట మీద కూచుని కాఫీ తాగుతూ ఆయనే చెప్పేడు. నాకు ఆయనంటే ఇష్టంగానే ఉండేది. మంచివాడే. నాకు మంచివాళ్ళ మీదే ఎక్కువ కోపం.

ఆయన బొమ్మలు మనం గోడల మీద చూసే దేవుడి పటాల్లాగ ఉండవు. కుంచె తక్కువ, కత్తి ఎక్కువ. రొట్టెకి వెన్న రాసినట్టు రంగు మందంగా పూసేవాడు. కొండ ఎర్రగా ఉండేది, ఆకాశం పచ్చగా ఉండేది. ఏటి బాబూ ఇది అంటే, "ఉన్నది ఉన్నట్టు తియ్యడానికి ఫోటో ఉంది కదా రూతమ్మా. నా మనసుకి ఎలా తగిలిందో అది వేస్తాను" అనేవాడు. ఆ మాట నాకు అప్పుడు చాలా గొప్పగా వినపడింది.

బుద్రి

బుద్రి కింద గూడెం పిల్ల. పోర్జా వాళ్ళు. చంటిపిల్లని చంకనేసుకుని వచ్చి చిక్కుళ్ళు, అల్లం నాకు ఇచ్చేది, అప్పా అని పిలిచేది. నవ్విందంటే లోయ అవతలికి వినపడేది.

కొండోళ్ళకి కొత్త తినడం అని ఒక ఆచారం ఉంది. పండిన కొత్త గింజ ముందు దేవతకి పెట్టాలి, తర్వాతే మనిషి తినాలి. ఆ రోజు ఎవరూ ఊరి పొలిమేర దాటరు, బయట పని ముట్టుకోరు. ఆ ఏడు కొర్ర కొత్త పెట్టుకున్న రోజునే ఘాట్ మీద కొండ జారి రోడ్డు మూసుకుపోయింది. రోడ్డు పని అంటే వెట్టి. ఇంటికొకళ్ళు రావాలి, కూలి ఉండదు. ఓవర్సీరు కబురు పెట్టేడు. ఒక్కళ్ళు రాలేదు. మర్నాడు అందరూ వచ్చేక, ఎవరు ఆపేరని అడిగేడు. మగవాళ్ళు నేల చూసేరు. బుద్రి మాత్రం, "మా దేవత ఆపింది బాబూ, ఆయమ్మని అడుగు" అంది. కొంతమంది నవ్వేరు కూడాను. అతను గుర్రం కొరడా తీసేడు. అందరి ముందూ దాన్ని ఆపకుండా కొట్టేడు.

నా వంటింట్లోనే పసుపు, వలిసె నూనె కలిపి రాసేను. రవిక లేని మనుషులు, వీపు నిండా వాతలే. నేను లెక్కపెట్టలేదు.

అక్కడితో అవలేదు. పెద్దదొర వచ్చి వెళ్ళేదాకా గూడెం గూడెమంతా రోజూ రోడ్డు మీదే ఉండాలని ఓవర్సీరు ఆర్డరు వేసేడు. అప్పటికి చేలల్లో చోళ్ళు, పల్లంలో రాగులంటారు, పండి ఉన్నాయి. పండిన చోళ్ళు ఆగవు. కొయ్యకపోతే మంచుకి నల్లబడి రాలిపోతాయి, మిగిలింది పిట్టలు తినేస్తాయి. అది పోతే మళ్ళీ ఏడు దాకా గూడెంలో గింజ ఉండదు. బుద్రికి కావలసింది ఒక్కటే, కోత అయ్యేదాకా ఊరిని వదిలిపెట్టమని పెద్దదొర నోటితో అనాలి. కాని దొరకి ఎవరు చెప్తారు? చెప్పాల్సినవాడే కొరడా పట్టుకున్నవాడు.

సరిగ్గా అప్పుడే బొమ్మల బాబుకి బుద్రి కళ్ళబడింది. పూసల దండలు, చెవి పోగులు, ఆ మొహం, అన్నీ బాగున్నాయి, బొమ్మకి కూచుంటాదేమో అడగమని నన్ను పంపేడు. నేను అడిగేను. అది కాసేపు ఆలోచించి, "మొకం వొద్దు. నా యీపు ఎయ్యమను. యీపు ఏత్తే కూకుంటాను" అంది.

"యీపు బొమ్మ ఎవులు సూత్తారే?"

"దొర సూత్తాడు గదా అప్పా. బొమ్మకి ఇంగిలీసు అక్కర్నేదు గదా."

నేను వెళ్ళి చెప్తే బాబు మొదట నవ్వేడు. బుద్రి వచ్చి గోడ వేపు తిరిగి కూచుని పైట తీసింది. ఆయన నవ్వు పోయింది. పొద్దుపోయేదాకా కత్తి కింద పెట్టలేదు. కాఫీ పెట్టింది పెట్టినట్టే చల్లారిపోయింది.

ఆరు రోజులు వేసేడు. గుడ్డ అంతా వీపే. మనిషి కన్నా పెద్ద వీపు. నల్లగా కాదు, నీలం, ఊదా, అక్కడక్కడ ఆకుపచ్చ, దెబ్బ కమిలినప్పుడు తేలే రంగులు. వాతలు ఎర్రగా, కత్తితో ఎంత మందంగా పెట్టేడంటే కళ్ళు మూసుకుని వేలితో తడిమినా తెలుస్తాయి. మొహం భుజం మీంచి సగం తిరిగి ఉంది, ఒక్క కన్నే కనపడుతుంది. ఆ కన్ను నిన్ను అడుగుతున్నట్టు ఉండదు. నువ్వు చెప్పేదాకా చూస్తానన్నట్టు ఉంటాది. నేను ఆ తర్వాత చాలా బంగళాల్లో చాలా బొమ్మలు తుడిచేను. అలాంటిది మళ్ళీ చూడలేదు.

బుద్రి దగ్గరికెళ్ళి ఎర్ర రంగు మీద వేలు పెట్టింది. తర్వాత చెయ్యి వెనక్కి పోనిచ్చి తన వీపు తడుముకుంది. "ఇది నాదే" అంది. బాబు దానికి మాటిచ్చేడు. నా ఎదటే ఇచ్చేడు. "దొరకి నేనే చూపిస్తాను. ఇదేమిటని అడిగితే జరిగింది జరిగినట్టు చెప్తాను. నాకు ఇంగ్లీషు వచ్చు కదా" అన్నాడు.

నా తెలివి

దొర రావడానికి రెండు రోజుల ముందు ఓవర్సీరు హాల్లోకొచ్చి ఆ బొమ్మ చూసేడు. అరవలేదు. బాబు వేపు తిరిగి నవ్వుతూ, "చాలా బాగుందండీ, కాని దొర భోంచేసే గది కదా" అన్నాడు. తర్వాత నాకేసి చూసి, "రూతమ్మా, ఈ దరిద్రాన్ని ఎక్కడైనా పడెయ్యి" అన్నాడు. బాబు కిటికీలోంచి మంచు చూస్తూ నిలబడ్డాడు.

నేను పడెయ్యలేదు. దాచి, బాబు అడిగినప్పుడు తీసి ఇద్దామనుకున్నాను. రంగు ఇంకా తడిగానే ఉంది. ఆ తేమలో నూనె రంగు నెలైనా ఆరదు. తడిది, పాడవకూడనిది, విలువైనది. నా చేతికి తెలిసిన చోటు ఒక్కటే. పొయ్యి మీద అటక ఎక్కించేను. బొమ్మ ఆరిపోతాది, ఓవర్సీరు కంట పడదు, నాకెంత తెలివో అనుకున్నాను.

దొర, అతని గుమాస్తాలు, నౌకర్లు దిగేరు. రెండు రోజులు పొయ్యి ఆరలేదు. స్నానాలకి నీళ్ళు, పచ్చి కట్టెలు, కళ్ళు పేలిపోయే పొగ. పైన ఆ వీపు అలా పొగలో ఉంది.

మూడో రోజు పొద్దున్న వరండాలో దొర బొమ్మలు చూసేడు. వలిసె చేలు, కొండలు, జలపాతం, అన్నీ చూసి ఇంకేమైనా ఉన్నాయా అని అడిగేడు. బాబు వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి ఆ వీపు బొమ్మేదంటే, నేను అటక చూపించేను. ఆయన దాన్ని దింపి గుమ్మం వెలుతుర్లోకి పట్టుకెళ్ళి చూసేడు. వేడికి నూనె మెత్తబడి ఎరుపు కిందికి జారింది. తడి మీద మసి కూచుంది. నీలం అంతా నల్లగా, వాతలు కారిపోయి చారలు చారలుగా. కాని పోలేదు. చూసేవాడికి కొరడా దెబ్బలని తెలుస్తూనే ఉంది. గుడ్డతో మసి అద్ది, బాబు దాన్ని వరండాలోకి పట్టుకెళ్ళేడు. నేను టీ పళ్ళెంతో వెనకాల వెళ్ళేను. వాకిట్లో బుద్రి, గూడెం ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. బొమ్మ బయటికి రాగానే బుద్రి నాలుగడుగులు ముందుకొచ్చింది.

దొర కుర్చీలోంచి లేచేడు. అది నేను చూసేను. దగ్గరికొచ్చి, ఆ ఎర్ర చారల మీద వేలు చూపించి బాబుని ఏదో అడిగేడు. బాబు నోరు తెరిచేడు. ఓవర్సీరు ఆయన వెనకాలే నిలబడి ఉన్నాడు. బాబు నోరు మూసేడు. ఎస్తేరూ, ఆ తెరిచిన నోరు మూసుకోడానికి పట్టినంత సేపు నేను ఇప్పటికీ కొలవగలను.

ఓవర్సీరు మర్యాదగా ముందుకొచ్చి, బొమ్మకి మిగిలిన మసి వేలితో తుడిచి చూసి, ఇంగ్లీషులో నన్ను, వంటింటిని చూపించి చెప్పేడు. చెప్పి, అందరికీ వినపడేలాగ తెలుగులో నన్నడిగేడు. "ఏం రూతమ్మా, ఈ బొమ్మని నువ్వు పొయ్యి మీద పెట్టేవా లేదా?"

"పెట్టేను బాబూ" అన్నాను.

"మసి పట్టి, రంగు కారి, ఈ చారలు పడ్డాయా లేదా?"

చారలు పడ్డ మాట నిజం. "పడ్డాయి బాబూ" అన్నాను.

అతను దొరకి చెప్పేడు. దొర నన్ను చూసి పకపకా నవ్వేడు. బాబు భుజం తట్టేడు, పాపం అన్నట్టు. బాబు కూడా నవ్వేడు. అప్పుడు బుద్రి మాట్లాడింది. చోళ్ళు రాలిపోతున్నాయని, కోత దాకా వదలమని, ఆ చారలు పొయ్యివి కావు తన వీపువని చెప్పింది. వెనక్కి తిరిగి వీపు చూపించింది కూడా. నేను పూసిన పసుపుకి పుళ్ళు మానిపోయేయి, ఆ దూరంలోంచి దొరకి ఏం కనపడతాది? ఏమంటున్నాదని దొర అడిగేడు. "షీ లైక్స్ పిక్చర్, సార్" అన్నాడు ఓవర్సీరు. దొర బుద్రికి తలూపేడు.

నో సార్. ఆ రెండు మాటలూ నాకు వచ్చును. రోజుకి పదిసార్లు అనేదాన్ని. చక్కెర కావాలా అంటే నో సార్, ఉత్తరాలు వచ్చేయా అంటే నో సార్. పళ్ళెం నా చేతిలోనే ఉంది, దొర మూడు బారల దూరంలో ఉన్నాడు. అనలేదు. టీ పోసేను.

ఆ తర్వాత

దొర వలిసె చేల బొమ్మ తీసుకుని, బాబుకి ఉత్తరం రాసిచ్చి వెళ్ళేడు. ఉద్యోగం వచ్చే ఉంటాది. వెళ్ళేముందు బాబు, గుడ్డ వృథా పోకూడదని అదే కత్తితో ఆ వీపంతా గీకేసేడు. దాని మీద ఓవర్సీరు గుర్రం బొమ్మ వేసిచ్చేడు. కత్తికి అంటిన ఎరుపు నా మసిగుడ్డకి తుడిచేడు. అడిగేను. "దెబ్బలని ఎందుకు చెప్పలేదు బాబూ?" అని. "అది కళ రూతమ్మా, సాక్ష్యం కాదు. నాకు అనిపించింది వేసేను గాని, కోర్టులో చెప్పడానికి వెయ్యలేదు కదా" అన్నాడు. తల వంచుకునే అన్నాడు. తల వంచుకుంటే ఏం లాభం? దెబ్బలు తగిలినప్పుడు బుద్రి తల వంచలేదు.

మీరు పెద్ద పెద్ద ఊళ్ళలో బొమ్మలు చూసి ఏడుస్తారట, మెచ్చుకుంటారట. మెచ్చుకోండి. నాకు మాత్రం గొప్ప బొమ్మ చూస్తే ముందు ఒకటే అడగాలనిపిస్తాది. ఇందులో ఉన్న మనిషి వాకిట్లో నిలబడితే, వేసినాయన ఎటు చూసేడు?

ఈ సంగతి పాస్టరు గారి దగ్గర చెప్పుకున్నాను. "నువ్వు అబద్ధం ఆడలేదు కదమ్మా, ఇందులో పాపమేముంది" అన్నారు. ప్రార్థన మధ్యలోనే లేచి వచ్చేసేను. నిజమే చెప్పేను. ఆ నిజం తీసుకుని అతను అబద్ధానికి మేకు కొట్టుకున్నాడు. ఎస్తేరూ, నిన్ను ఎవరైనా నలుగురిలో నిలబెట్టి పెట్టేవా లేదా, పడ్డాయా లేదా అని అడిగితే, ఔను అనే ముందు వాడికి ఆ ఔను ఎందుకు కావాలో చూడు. అడిగిన దానికే చెప్పి ఊరుకోకు. అడగనిది కూడా చెప్పు. ఉద్యోగం పోతే పోతాది. తర్వాత తర్వాత నేను చెప్పేను, రెండుసార్లు పనిలోంచి తీసేసేరు, మళ్ళీ పిలిచేరు. కొండ మీద వంటకి ఎవరొస్తారు వాళ్ళకి? చచ్చిపోలేదు నేను. ఆ రోజే అని ఉంటే కూడా చచ్చిపోయేదాన్ని కాను. అదే నా కడుపుమంట.

చోళ్ళు రాలిపోయేయి. పుష్యమాసం నాటికి గూడెంలో మామిడి టెంకల జీడి నానబెట్టి అంబలి కాచుకున్నారు. నేను బంగళా బియ్యం మూట కట్టి పట్టుకెళ్తే ముసలోళ్ళు తీసుకున్నారు. బుద్రి గడప దిగలేదు.

మాఘంలో అస్సాం తేయాకు తోటలకి మనుషుల్ని పట్టుకెళ్ళే మేస్త్రీ ఒకడొచ్చేడు. గూడెంలో సగం మంది బయల్దేరేరు. బుద్రి కూడా, పిల్లని చంకనేసుకుని. పోయే దారి బంగళా ముందునుంచే. నేను అన్నం, పప్పు వండి విస్తళ్ళు పరిచి దారిలో నిలబడ్డాను. అందరూ కూచుని తిన్నారు. బుద్రి పిల్లకి పెట్టింది, తను తినలేదు. నా మీద కోపం ఉందా అని అడగడానికి నాకు నోరు రాలేదు. బుద్రే నన్ను అడిగింది.

"అప్పా, అస్సాం ఎంత దూరం?"

"నాకు తెలీదే."

"తెలిసింది మాత్రం సెప్పుతావేటి" అంది.

గట్టిగా అనలేదు. పిల్ల మూతి తుడిచి, చంకనేసుకుని, మిగతావాళ్ళతో కలిసి ఘాట్ దిగిపోయింది. ఆ గూడెం వాళ్ళు ఒకళ్ళిద్దరు చాలా ఏళ్ళకి తిరిగొచ్చేరు. బుద్రి రాలేదు.